అక్క కడిగిన ముక్కలు

రెండువేల ఇరవై నాలుగు ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాం. తిన్నామనే గానీ, నేను సగం రొట్టె వదిలేసి వాకిట్లోకి పోయాను. సాయంత్రం సతీష్ వస్తాడు. హైదరాబాదులో కొత్తగా తెరుస్తున్న హోటల్ వంటింటికి అతడే పెద్ద. అయిజలో చుట్టాలను చూసి తిరిగి పోతూ, ఆత్మకూరులో మా ఇంట ఆగి మా శిల్ప చేతివంట రుచి చూస్తానన్నాడు. పాత హోటల్ మూతపడ్డాక ఖాళీగా ఉన్న నా బిడ్డకు ఆ వంటింట్లో పని కావాలి.

ఆమె ఎంచుకున్నది జపాను రుచితో నిప్పుల మీద కాల్చే పంది మాంసం. ఎముకతో సహా, రెండు వేళ్ల మందాన ముక్కలు కావాలంది. పొద్దున గద్వాలలో మాంసం కొట్టే జంగయ్య నన్ను ఎగాదిగా చూశాడు.

"సారూ, గింత మందం కొడితె ఉడుకుతదా?"

"కాలుస్తదట జంగయ్యా."

"కాల్చనీకి అది పందా, మక్కకంకా?" అంటూనే అడిగినట్టే కోసిచ్చాడు.

భోజనమయ్యాక శిల్ప ఆ ముక్కలకు మీసో పట్టించింది. జపానువాళ్లు పులియబెట్టే సోయా గింజల ముద్ద అది, చూడ్డానికి చింతపండు గుజ్జులా ఉంటుంది. అందులో అల్లం, సోయా సాస్, కాస్త బెల్లం కలిపింది. గిన్నె మీద మూతపెట్టి, బొగ్గుల కోసం నన్ను వెంటబెట్టుకుని ఇస్త్రీ బండి దగ్గరికి నడిచింది. దారి పొడుగునా ఫోను చూసుకుంటూనే ఉంది.

తిరిగొచ్చేసరికి వంటింట్లో కుక్కర్ కూస్తోంది. సాయానికొచ్చిన మా అక్క సాయమ్మ చెమట తుడుచుకుంటూ నవ్వింది.

"ఏం జేసినవ్ అత్తా?"

"ఆ బురదంత మంచిగ కడిగి, పసుపేసి ఉడకబెట్టిన బిడ్డా. పెద్దసారుకు పచ్చిది పెడ్తవా? రోగమొస్తది."

మా ఇళ్లలో పంది మాంసం మెత్తగా ఉడకనిదే ఎవరూ ముట్టరు. అక్క మేలు చేశాననే అనుకుంది. మళ్లీ గద్వాల పోయొచ్చే సమయం లేదు. శిల్ప గోడకు ఆనుకుని కాసేపు కళ్లు మూసుకుంది.

"నీకు జెప్పి పోవాల్సింది నేను," అంది చివరికి. కుక్కర్ దించి, ముక్కలు విరగకుండా ఒక్కొక్కటే బయటికి తీసింది.

నా భార్య పోయాక నిప్పు రాజేయడం ఒక్కటి బాగా నేర్చుకున్నాను. నేను బొగ్గులు విసురుతుంటే, డబ్బాలో మిగిలిన మీసో పూసి శిల్ప ముక్కలను పైపైన కాల్చింది. బెల్లం కాలి మంచి వాసన లేచింది. నా చెవులు మాత్రం వీధిలో కారు చప్పుడు మీదే.

వెలుగు తగ్గుతుండగా సతీష్ వచ్చాడు. వేలితో నొక్కగానే మాంసం ఎముకను వదిలేసింది.

"ముందుగాల ఉడకబెట్టినవా?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఉడికింది సార్. ఇంట్ల పొరపాటయింది," అంది శిల్ప. "నేను చేద్దామనుకున్నది ఇది గాదు."

సతీష్ అక్క వైపు చూశాడు. "మా అమ్మయితె కుక్కర్ ఇంకో నాలుగు కూతలు కూసేదాక దించకపోయేది," అని ముక్క మొత్తం తిన్నాడు. చేయి కడుక్కుంటూ, "మసాల కుదిరింది శిల్పా. కాల్చుడు మాత్రం నేనింక చూడలే. ఎల్లుండి మా వంటింటికి వచ్చి కాల్చి పెట్టు. గప్పుడు చెప్త," అన్నాడు.

కారు పోయాక అక్క నా పక్కన కూలబడింది.

"తమ్మీ, నా వల్ల పోరి పని పోయిందా?"

"పోలేదక్కా. ఎల్లుండి చూస్తాడట."

"ఎల్లుండి నేను ఆడ ఉండ గద, జర నయం."

లోపల శిల్ప ఒకరోజు ముందే హైదరాబాదు చేరాలని పొద్దుటి బస్సుకు బట్టలు సర్దుతూనే మంచం మీద ఒరిగి నిద్రపోయింది. అక్క వెళ్లి దీపం ఆర్పి, గడియ చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.