కొసముడి

మాణిక్యమ్మ పోయిన రోజు పొద్దున, పెరట్లో బావి చప్టా మీద సీసాలో ఉల్లిపాయకి వేళ్ళు బాగా దిగాయి. వాటి కొసలు కోయడానికే పరమేశ్వరి బ్లేడు పట్టుకుని లేచింది. వంటింట్లో పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంది. పెట్టిన అత్తగారు మాణిక్యమ్మ పీట మీద గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. ఒళ్ళో చేట, చేటలో బియ్యం. "అత్తయ్యా, ఎసరు మరుగుతోంది" అంది పరమేశ్వరి. రెండోసారి పిలిచేసరికి ఆమె గొంతు మారిపోయింది. చేటలోంచి ఒక్క గింజ కూడా కింద పడలేదు. తర్వాత చాలా రోజులు ఆమెకి పదే పదే గుర్తొచ్చింది అదే.

ఎసరు ఎవరో దించారు. వేళ్ళు ఎవరూ కోయలేదు.

డెబ్భయ్యో దశకం మొదట్లో తిరువూరు బజారులో రామలింగం గారి బట్టల దుకాణం తెలియనివాళ్ళు లేరు. ఆయన ఒక్కగానొక్క కొడుకు వెంకటకృష్ణారావు భార్య పరమేశ్వరి. బెజవాడలో బీయస్సీ, ఆ పైన బీఎడ్ చదివి, ఊళ్ళో హైస్కూల్లో సైన్సు చెబుతోంది. పదో తరగతి పిల్లలకి కణ విభజన చూపించాలంటే ఉల్లివేళ్ళ కొసలకి మించినవి లేవు. చిక్కల్లా ఒకటే. ఆ ఇంట్లో తరతరాలుగా ఉల్లిపాయ గడప దాటి ఎరగదు. మొదటిసారి ఆమె సంచీలోంచి ఉల్లిపాయ తీసినప్పుడు మాణిక్యమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"బడికి కావాలత్తయ్యా. తినడానికి కాదు, వేళ్ళ కోసం."

"తినడానికి కాకపోతే దానికా కంపెందుకే?"

అత్తగారు కాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. "వంటింట్లోకి రాకూడదు. బావి దగ్గరే ఉండాలి. నేను దాన్ని ముట్టను. సీసా మాత్రం ముట్టుకుంటాను. సీసా ఏం పాపం చేసింది?"

అలా మొదలైంది. ఉల్లిపాయకి అటూ ఇటూ చీపురుపుల్లలు గుచ్చి, అడుగు మాత్రం నీళ్ళకి తగిలేలా సీసా మూతి మీద నిలబెట్టడం పరమేశ్వరి పని. రోజూ నీళ్ళు మార్చడం అత్తగారి పనైంది, ఎవరూ చెప్పకుండానే. ఉల్లిపాయని పుల్లలు పట్టుకుని పైకెత్తేది, చేయి తగలకుండా. ఎత్తి, పాత నీళ్ళు పారబోసి, కొత్తవి పోసి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేది. ఆ మొదటి విడత వేళ్ళన్నీ పచ్చగా, మొండిగా తయారయ్యాయి. మైక్రోస్కోపులో పిల్లలకి పసుపురంగు తప్ప ఏమీ కనిపించలేదు. హెడ్మాస్టరు గారు వచ్చి కన్ను పెట్టి చూసి, "ఇది ఉల్లిపాయా, పులిహోరా టీచరమ్మా?" అన్నారు. ఆ మాట విని స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యే ఆమె అందరికీ టీ కలిపింది, ఎందుకంటే ఆ గదిలో టీ కలపడం ఎప్పుడూ ఆడటీచర్ల పనే.

ఇంటికొచ్చి అడిగితే మాణిక్యమ్మ దాచలేదు. "చిటికెడు పసుపు వేశాను. ఇంట్లో ఉల్లిపాయ పెట్టుకున్నాక శుద్ధి ఉండద్దూ?" కోడలి ముఖం చూసి మళ్ళీ తనే అంది. "నీ ఉల్లివేళ్ళకి పసుపు పడదన్నమాట. ముందే చెప్పద్దూ నాకు."

వేళ్ళ కొసలు కోయాల్సింది పొద్దున్నే. ఆ వేళకే వాటిలో కణాలు బాగా విడిపోతూ ఉంటాయి. ఇంట్లో ఎసరు మరిగే వేళా అదే, భర్త దుకాణానికి బయల్దేరే వేళా అదే, మామగారికి మజ్జిగ కావలసిన వేళా అదే. వెంకటకృష్ణారావు చెడ్డవాడు కాదు. భార్య ఉద్యోగానికి అడ్డు చెప్పలేదు. ఎవరైనా ఇల్లెలా గడుస్తోందని అడిగితే "అమ్మ ఉందిగా" అనేవాడు. పరమేశ్వరికి జ్వరమొస్తే "అమ్మ ఉందిగా". పరీక్ష పేపర్లు దిద్దాల్సి వస్తే "అమ్మ ఉందిగా". ఆ మాట అతను అన్న ప్రతిసారీ ఆమెకి ఎక్కడో చిన్నగా గుచ్చుకునేది. కానీ పరమేశ్వరి కూడా, పైకి అనకపోయినా, ఆ మాట మీద కాలు మోపే రోజూ బడికి వెళ్ళింది. అరవై దాటిన మనిషి తన వాటా పని కూడా నెత్తిన వేసుకుంటే, ఆ ఖాళీలో తను ఆడపిల్లలకి చదువు చెబుతోంది. ఇందులో న్యాయం ఎంత అని ఆమెకి ఒకటి రెండుసార్లు అనిపించింది. అనిపించినప్పుడల్లా బడికి ఆలస్యమైపోతూ ఉండేది.

సాయంత్రాలు మాణిక్యమ్మ వసారాలో కూర్చుని దుకాణంలో అమ్మిన పట్టుచీరల కొంగులకి కుచ్చులు వేసేది. ఆ పని కోసం ఆవిడకి ఎవరూ ఏమీ ఇచ్చేవారు కాదు. ఇవ్వాలని ఎవరికీ తట్టనూ లేదు. విడిపోగులు నాలుగు తీసుకుని, తొడ మీద పెట్టి మెలి తిప్పి, కొసన ముడి వేసి, పక్క నాలుగూ అందుకునేది. పరమేశ్వరి పక్కనే కూర్చుని పాఠం సిద్ధం చేసుకుంటూ ఉంటే, "ఇంతకీ ఆ కంపుదాంట్లో ఏం చూస్తారే?" అని అడిగింది ఒకరోజు.

"ప్రతి కణంలోనూ దారాలుంటాయి అత్తయ్యా. క్రోమోజోములంటారు. ఒక కణం రెండు కావాలంటే ముందు ఒక్కో దారం రెండవుతుంది. రెండూ నడుం దగ్గర అంటుకుని ఉంటాయి. ఆ నడుముని సెంట్రోమియర్ అంటారు. కణం రెండు చివర్ల నుంచీ సన్నటి పోగులు వచ్చి, ఆ నడుం దగ్గరే పట్టుకుని, చెరొక దాన్నీ చెరో వైపుకి లాక్కుపోతాయి."

"నడుం పట్టుకుని ఎత్తితే కాళ్ళూ చేతులూ వేలాడవూ? చంటిపిల్లని ఎత్తుకున్నట్టు."

పరమేశ్వరి పుస్తకం మూసేసింది. కాలేజీలో చదివినన్నాళ్ళూ, వంగిన దారాల బొమ్మ ఎన్నిసార్లు వేసినా, ఆమెకి ఆ పోలిక తట్టలేదు. "అచ్చం అలాగే ఉంటుందత్తయ్యా" అంది.

"నడుం లేని దారం ఉంటేనో?"

"ఎప్పుడైనా దారం తెగితే అలాంటి ముక్క మిగులుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎటూ పోలేక మధ్యలో ఉండిపోయి నశించిపోతుంది."

మాణిక్యమ్మ చేయి ఒక్క క్షణం ఆగింది. "అయ్యో" అంది, తెలిసినవాళ్ళ కబురు విన్నట్టు. తర్వాత మళ్ళీ పోగులు అందుకుని, "మరి చివర్లో? చివర ముడి లేకపోతే పోగులు ఊడిపోవూ?"

"చివర ఏదో ఉందత్తయ్యా. టెలోమియర్ అని పేరు పెట్టారు. అది ఉన్నంతవరకూ ఒక దారం కొస ఇంకో దారం కొసకి అతుక్కోదు. తెగిన కొసకి ఆ రక్షణ ఉండదు. అలాంటి కొసలు రెండు దగ్గరపడితే అతుక్కుపోతాయి. అప్పుడు ఒకే దారానికి రెండు నడుములు. ఇటొక నడుముని పట్టి, అటొక నడుముని పట్టి పోగులు లాగుతాయి."

"రెండు పక్కలా లాగితే తెగదూ మరి?"

"తెగుతుంది. తెగి, మళ్ళీ ఎక్కడో అతుక్కుంటుంది. మళ్ళీ తెగుతుంది."

"పొద్దున్నే ఇక్కడ ఎసరూ, అక్కడ బెల్లూ" అంది మాణిక్యమ్మ. కోడలి వైపు చూడలేదు. కుచ్చు వైపే చూస్తూ అంది. "ఆ కొసముడి దేంతో వేశాడే దేవుడు?"

"ఎవరికీ తెలియదత్తయ్యా ఇంకా. మా కాలేజీలో మేడం కూడా తెలియదనే చెప్పారు."

"తెలియంది కూడా చెప్తారా బళ్ళో? అయితే మంచి బడే." ముడి బిగించి, పళ్ళతో పోగు తుంచింది. "ఒకసారి నాకూ చూపించవే ఆ దారాలు. కంపు కొడితే కొట్టింది."

చూపిస్తానంది పరమేశ్వరి. మైక్రోస్కోపు బీరువా తాళం హెడ్మాస్టరు గారి దగ్గర ఉంటుంది. ఇంటికి ఇవ్వరు. శనివారం మధ్యాహ్నం బడి ఖాళీ అయ్యాక అత్తగారినే అక్కడికి తీసుకెళ్ళాలి. ఒక శనివారం ఆయన తాళం జేబులో వేసుకుని ఊరెళ్ళారు. ఇంకో శనివారం దుకాణానికి కొత్త సరుకొచ్చింది. ఎట్టకేలకు ఈ శనివారం అని ఖాయం చేసుకున్నారు. ఏ చీర కట్టుకోవాలో కూడా మాణిక్యమ్మ అడిగింది. గురువారం పొద్దున పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు అందరూ వసారాలో కూర్చున్నారు. వెంకటకృష్ణారావు అక్క ఇందిరాదేవి పుట్టింటి పనులన్నీ దగ్గరుండి చూసింది. తల్లి మీద బెంగ ఆమెకీ తక్కువేం కాదు. రోజూ తల్లి పీట చూసి ఏడ్చేది. కానీ ఏడుపు కాగానే కళ్ళు తుడుచుకుని ఇల్లు చక్కబెట్టే రకం.

"నాన్నని వేళకి చూసుకోవాలి. తమ్ముడు పొద్దున్నే పోతాడు. నేనెన్నాళ్ళని రెడ్డిగూడెంలో నా ఇల్లు వదిలి ఇక్కడుంటాను? నువ్వా రాజీనామా కాగితం రాసి పడేయ్ పరమేశ్వరీ. తమ్ముడు బళ్ళో ఇచ్చొస్తాడు. పిల్లలు పుడితే ఎలాగూ మానాల్సిందే. అదేదో ఇప్పుడే అయిపోతుంది."

"ఇంట్లో మనిషంటూ ఉండాలి కదమ్మా" అన్నాడు రామలింగం, నేల చూస్తూ.

పరమేశ్వరి భర్త వైపు చూసింది. అతను తలెత్తకుండా, "అమ్మ లేదుగా" అన్నాడు.

అదే మాట. ఇన్నాళ్ళూ ఆమెని బడికి పంపిన మాటే కాస్త మారి ఆమెని ఇంట్లో కూర్చోబెడుతోంది. కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. వాళ్ళు ముగ్గురూ కలిసి అంటున్నది ఏమిటో మాత్రం తేటగా అర్థమైంది. మాణిక్యమ్మ చేసినంతకాలం ఆ పనులకి పేరు లేదు. ఆమె లేకపోయేసరికి అది ఒక నిండు ఉద్యోగమని, దానికి ఒక మనిషి జీవితం మొత్తం కావాలని అందరికీ ఒక్కసారిగా తెలిసింది. తెలిసిన వెంటనే ఆ ఖాళీలోకి ఇంకో ఆడమనిషిని చూపించారు. ఇంటికీ బడికీ మధ్య ఇన్నాళ్ళూ తను తెగకుండా ఉన్నది తన బలం వల్ల కాదని పరమేశ్వరి అనుకుంది. ఒక పక్క లాగుడంతా ఆవిడ తన చేతికి చుట్టుకుంది. ఆ చేతులు సగం బియ్యం చెరిగి ఆగిపోయాయి. ఆవిడ ఖాళీ చేసిన పీట మీద తను కూర్చుంటే ఆవిడ సంతోషిస్తుందా? ఏ చీర కట్టుకోవాలని అడిగిన మనిషి సంతోషించదు.

ముఖం కడుక్కోవడానికి బావి దగ్గరకి వెళ్ళింది. సీసా అక్కడే ఉంది. ఇన్నాళ్ళకి ఆ నీళ్ళు కుళ్ళి ఉండాలి. కుళ్ళలేదు. తేటగా ఉన్నాయి, కానీ పసుపుపచ్చగా ఉన్నాయి.

వెనకే వచ్చిన ఇందిరాదేవి కెవ్వుమంది. "ఉల్లిపాయ! అమ్మ పోయిన ఇంట్లో ఇదేంటే? ఇన్నాళ్ళూ చూళ్ళేదు నేను. తీసి అవతల పారేయ్!"

"ఉండనీ అక్కా." వెంకటకృష్ణారావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అమ్మ పెట్టుకున్నదే. నేనే రోజూ నీళ్ళు మారుస్తున్నాను."

"పసుపు కూడా మీరేనా?" అంది పరమేశ్వరి.

"అమ్మ వేసేదిగా."

ఆవిడ పసుపు వేసింది ఆ మొదటి విడతకే, తర్వాత మానేసిన సంగతి అతను గమనించలేదు. పరమేశ్వరికి నవ్వొచ్చింది. అత్తగారు పోయాక మొదటిసారి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చప్టా మీద కూర్చుండిపోయింది. తర్వాత అది నవ్వు కాకుండా పోయింది. అతను వచ్చి పక్కన నిలబడ్డాడు, ఏం తప్పు చేశాడో తెలియక.

కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది. "ఏవండీ, ఈ నీళ్ళు మార్చడం మీకెవరు నేర్పారు?"

"ఎవరు నేర్పాలి? రోజూ చూస్తూనే ఉన్నాగా."

"అన్నం వార్చడం కూడా పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నారుగా."

ఇందిరాదేవి అందుకుంది. "బాగుంది! దుకాణానికి పోయే మగాడి చేత గంజి వార్పిస్తావా?"

"నేనూ ఉంటాను పక్కన వదినా. కూర నేను చేస్తాను. వేళ్ళు కోసే రోజున మాత్రం అన్నం ఆయనది. మిగతా రోజుల్లో ఎవరు ఏం చేయాలో మెల్లిగా చూసుకుంటాం. కాగితం మాత్రం నేను రాయను."

చాలా నెమ్మదిగా అంది. గట్టిగా అని ఉంటే ఎవరైనా ఎదురు చెప్పేవారేమో. వసారాలోంచి రామలింగం గొంతు వినిపించింది. "ఒరే కృష్ణా, గంజి పారబోయకు. ఉప్పేసి నాకియ్యి."

మరుసటి వారం కొత్త ఉల్లిపాయ పెట్టింది, పసుపు లేని నీళ్ళలో. వేళ్ళు దిగిన పొద్దున అతను వార్చిన అన్నం ముద్దయింది. గంజి చెయ్యి మీద ఒలికి కాస్త కాలింది. రామలింగం ముద్దన్నం తిని, "మీ అమ్మ కొత్తలో ఇంతకన్నా ఘోరంగా వండేది" అన్నాడు. అని, చాలాసేపు కంచం ముందు నుంచి లేవలేదు.

బళ్ళో హెడ్మాస్టరు గారు ఆశ్చర్యపోయారు. "మానేస్తున్నారని విన్నానే టీచరమ్మా?"

"లేదండి. బీరువా తాళం ఇవ్వండి. ఈసారి పులిహోర కాదు."

కోసిన కొసలని రంగులో నానబెట్టి, గాజుపలక మీద పెట్టి, బొటనవేలితో నొక్కింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చూశారు. అందరూ అయ్యాక తను కన్ను పెట్టింది. ఒక కణంలో దారాలు రెండు గుంపులై, చెరో వైపుకి వెళుతూ ఉన్న చోటే ఆగి ఉన్నాయి. నడుం దగ్గర ఎత్తుకున్నట్టు వంగి, కాళ్ళూ చేతులూ వెనక్కి వేలాడుతూ. ఏ కొసా ఇంకో కొసకి అతుక్కోలేదు. పలక ఆరిపోకుండా అంచులకి మైనం పూసి దాచింది.

శనివారం మధ్యాహ్నం బడి ఖాళీ అయింది. తాళం అడిగి తీసుకుని, పలక పెట్టి, అద్దం వెలుతురుకి తిప్పి, ఆ కణాన్ని సరిగ్గా మధ్యకి తెచ్చింది. తర్వాత స్టూలు మీంచి లేచి పక్కన నిలబడింది. స్టూలు ఖాళీగా ఉంది. ఎండ కిటికీ దాటేవరకూ అలాగే నిలబడి, అన్నీ తీసి బీరువాలో పెట్టి, తాళం వేసింది.

రాజీనామా రాయలేదు. అత్తగారికి దారాలు చూపించలేదు.