బతికున్నవాడికి శోకం

గుర్రం నీళ్ళు తాగుతోంది. మేం నిలబడి చూస్తున్నాం.

మంచినీళ్ళు. పీపాలోంచి అప్పుడే తోడిన నీళ్ళు. గుర్రం మూతి ముంచి, తల విదిలించి, సగం నీళ్ళు ఓడ చెక్కల మీదికి కార్చేసింది. నా పక్కనున్న జూడీ లెహేన్ చటుక్కున వంగి, శాలువా కొంగు ఆ తడిలో అద్దింది. ఆ కొంగును చంటిదాని నోట్లో పెట్టబోయింది. గుర్రం కాపరి చూశాడు. జూడీ చేతిని బూటుకాలితో తొక్కాడు. బాల్చీలో మిగిలిన నీళ్ళను ఆమె కళ్ళ ముందే సముద్రంలో పారబోశాడు.

"గుర్రం ఎంగిలి కూడా మీకెక్కువే," అన్నాడు.

చుక్కాని దగ్గర కెప్టెన్ వికరీ చుట్ట కాలుస్తూ ఇదంతా చూస్తున్నాడు. గుర్రం ఆయనది. సిడ్నీలో అమ్ముకోవడానికి తీసుకెళుతున్నాడు.

మేం ఐర్లండు ఆడఖైదీలం. కార్క్ రేవులో మమ్మల్ని ఎక్కించారు. ఒకతె దొర గొర్రెను కోసుకు తింది. ఒకతె సంతలో గుడ్డముక్క ఎత్తుకుపోయింది. నా మొగుడు చచ్చిపోయిన యేడు, శిస్తు బాకీ కింద దొర మనుషులు నా ఇంటికి తాళం వేశారు. ఆ తాళం పగలగొట్టి లోపలికి పోయి నా పొయ్యి నేను వెలిగించుకున్నాను. జడ్జికి అన్నీ ఒకటే. సముద్రం దాటించమన్నాడు.

జూడీని నడిపించుకుని అందరం డాక్టరు దగ్గరికి పోయాం. మా బాగోగులు చూడమని ప్రభుత్వం పంపిన మనిషి ఆయన. చిన్నవాడు, మెత్తనివాడు. ఆయనకు మా ఐర్లండు భాష రాదు. మోల్ ట్రేసీ మాట్లాడింది. మోల్ కార్క్ వీధుల్లో పుట్టింది, జేబులు కొట్టి బతికింది, ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. మా పల్లెటూరివాళ్ళంటే దానికి ఎప్పుడూ ఎగతాళే.

"ఎదురుగాలి వీస్తోంది. ప్రయాణం ఆలస్యమవుతుంది. అందుకని అందరికీ నీళ్ళు తగ్గించాం," అన్నాడు డాక్టరు.

"గుర్రానికి తగ్గించారా?"

"అది కెప్టెన్ సొంత సరుకు."

"మరి మేం?"

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "మీరు ప్రభుత్వ సరుకు."

మోల్ మా వైపు తిరిగి, వచ్చీరాని మా భాషలో చెప్పింది. "విన్నారా అమ్మల్లారా! మనం సరుకట. గుర్రం కంటే చవక సరుకు."

కింది అంతస్తులో, మేం పడుకునే చెక్క అరుగుల మధ్య, అప్పటికప్పుడు రచ్చ మొదలైంది. పైన ఇనుప కమ్మీల గ్రాదిలోంచి పడే వెలుతురులో ఒకరి మొహం ఒకరికి సగమే కనిపిస్తోంది. పట్నం వాళ్ళు ఒక పక్క, పల్లె వాళ్ళు ఒక పక్క.

"ఆ కాపరి గాడి చెవి కొరికి ఉమ్మేస్తా," అంది మోల్.

"కొరుకు. నిన్ను కొరడాలతో కొడతారు. బిడ్డకు నీళ్ళొస్తాయా?" అన్నాను నేను.

"మేరీమాతకు జపం చేద్దాం," అంది హానోరా. మా అందరిలో భక్తి ఎక్కువ ఆమెకే.

"చెయ్యి అక్కా, చెయ్యి. మేరీమాత వచ్చి పీపా మూత తీస్తుందేమో చూద్దాం," అంది మోల్.

"దొంగముండా, నీ నోట్లో పురుగులు పడ!"

"నేను దొంగనైతే నువ్వు దొరసానివా? నిన్ను పల్లకీలో తెచ్చారా ఇక్కడికి, దుంపమొహందానా?"

జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. జూడీ మాత్రం బిడ్డ నోరు రొమ్ముకు ఆనించుకుని కూర్చుంది. ఆ రొమ్ములో పాలు లేవని మా అందరికీ తెలుసు.

మూలన ముసలి గోబ్నెట్ ఉంది. ఆమెది కొండ ఊరు. ఎవరింట్లో చావు జరిగినా గోబ్నెట్ వచ్చి శోకం తీయాలి. చచ్చినవాడి తాతముత్తాతల పేర్లు, వాడు చేసిన మంచి, వాడికి జరిగిన అన్యాయం, అన్నీ రాగం కట్టి చెబుతుంది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు వంత పడతారు. దొర మనుషులు ఇల్లు కూల్చేస్తే మంచులో పడి చచ్చిన ఒక కౌలు రైతుకు దొర గేటు ముందే శోకం తీసిందామె. దొర పేరు పెట్టి మరీ తీసింది. ఏడ్చినందుకు శిక్ష వేయడానికి చట్టం లేదు. అందుకని గొర్రె దొంగతనం అంటగట్టారు.

మోల్ ఆమె మీదికి తిరిగింది. "ఏం పెద్దమ్మా, నీ పనే ఏడుపు కదా! ఏడవరాదూ? ఆ వికరీ గాడు చచ్చాడని ఓ రాగం తియ్యి. మా కడుపైనా చల్లబడుద్ది."

మోల్ నవ్వింది. పట్నం వాళ్ళు నవ్వారు. పల్లెవాళ్ళం ఒక్కరం కూడా నవ్వలేదు. హానోరా శిలువ గుర్తు వేసుకుంది.

"ఏంటే అట్లా చూస్తారు? నేనేం అన్నాను?"

గోబ్నెట్ మెల్లగా చెప్పింది. "చచ్చినవాళ్ళకే వెంటనే ఏడవం పిల్లా. ఒళ్ళు కడిగి, పడుకోబెట్టి, కొవ్వొత్తి వెలిగించేదాకా నోరు మెదపం. ప్రాణం పోయే దారిలో కుక్కలు పడుకుని ఉంటాయి. తొందరపడి ఏడిస్తే లేస్తాయి. ఇక బతికున్నోడికి పేరు పెట్టి శోకం తీస్తే..."

"తీస్తే?"

"ఆ కుక్కలు వాడి మీదికి పోతాయో, తీసినదాని మీదికి వస్తాయో ఎవరికీ తెలీదు. మా అమ్మ తీయలేదు. వాళ్ళమ్మా తీయలేదు."

మోల్ నవ్వు ఆగిపోయింది. దాని బుర్ర పనిచేస్తోంది. "కళాసుల్లో సగం మంది మనోళ్ళే. వాళ్ళ మీద పెత్తనం చేసే సరంగూ మనోడే. వాళ్ళకీ తెలుసా ఈ సంగతి?"

"తల్లిపాలు తాగిన ప్రతివాడికీ తెలుసు."

"అయితే అది వికరీ గాడికి భయమో కాదో నాకనవసరం. తెరచాప ఎక్కేవాళ్ళకు భయం ఉంటే చాలు."

"పాపం!" అని అరిచింది హానోరా. "అది పెద్ద పాపం!"

అప్పుడే జూడీ బిడ్డ ఏడ్చింది. ఏడుస్తోంది కానీ కళ్ళల్లో చుక్క నీరు లేదు. గోబ్నెట్ లేచి వచ్చి బిడ్డ మాడు మీద వేలు పెట్టింది. ఒంట్లో నీరు లేక మాడు గుంట పడింది. ఆ వేలు చాలాసేపు అక్కడే ఉంచింది ముసలామె.

"నేనొక్కదాన్నే తీస్తే ముసల్దానికి మతిపోయిందంటారు," అంది చివరికి. "అందరూ వంత పట్టాలి. పట్నం వాళ్ళూ పట్టాలి."

"మాకా మాటలు రావు పెద్దమ్మా," అంది మోల్. దాని గొంతులో ఎగతాళి లేదు.

"ఏడవడానికి మాటలెందుకే? మాటలు నేను చూసుకుంటా. మీరు గొంతియ్యండి."

మర్నాడు గాలి కోసం మమ్మల్ని పైకి వదిలినప్పుడు గోబ్నెట్ తన నల్ల ముసుగు తీసి చెక్కల మీద మనిషి పడుకున్నట్టు పరిచింది. తల వైపు తను కూర్చుంది. మేం చుట్టూ కూర్చున్నాం. హానోరా ఓడ అంచు గోడకానుకుని నిలబడే ఉంది.

గోబ్నెట్ ముందుకూ వెనక్కూ ఊగింది. గొంతు లేచింది.

"ఓ వికరీ, ఓ వికరీ, ఎంత తొందరగా పోయావు నాయనా!
నీ గుర్రం కడుపునిండా తాగింది, నీ పీపాలు నిండుగా ఉన్నాయి,
నీ శవం కడగడానికే చుక్క నీరు లేదు నాయనా!
జూడీ బిడ్డ నోటిది తీసి గుర్రం నోట్లో పోశావు,
ఆ గుర్రమెక్కి ఏ ఊరు పోతావు నాయనా!"

మేం వంత పట్టాం. ఓడ నిండా ఆడగొంతులు. మోల్ గొంతు అందరికంటే పైన ఉంది.

తాళ్ళు లాగుతున్న కళాసులు ఆగిపోయారు. తెరచాప తాళ్ళ నిచ్చెన సగంలో ఉన్నవాడు కిందికి దిగిపోయాడు. చుక్కాని పట్టినవాడి పెదాలు జపం చేస్తున్నాయి.

"ఏమిటా గోల?" అని అరిచాడు కెప్టెన్.

"ఎవరో చచ్చారని ఏడుస్తున్నారు దొరా," అన్నాడు సరంగు.

"ఎవరు చచ్చారు?"

సరంగు టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "తమరే దొరా."

ముందు కెప్టెన్ నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి నవ్వు ఆపాడు. "కొట్టండి!" అన్నాడు. ఒక అధికారి కొరడా పట్టుకుని మా మీద పడ్డాడు. ఏడ్చేవాళ్ళను కొడితే ఏమవుతుంది? ఇంకా ఏడుస్తారు. కొరడా జూడీ వీపు మీద పడ్డప్పుడు గోడ దగ్గర నుంచి ఒక గొంతు లేచింది. హానోరా! ఏడుస్తూ వచ్చి మా మధ్య కూలబడింది.

"తెరచాప ఎక్కండ్రా!" అన్నాడు కెప్టెన్.

"ఎక్కం దొరా," అన్నాడు ఒక కళాసి. "బతికున్నోడికి శోకం తీసిన ఓడలో కాలు జారితే మా ఒళ్ళే పోద్ది. ముందు దాన్ని ఆపించండి."

"ఆడాళ్ళు అడిగేది నీళ్ళే కదా," అన్నాడు ఇంకొకడు. "మాకూ తగ్గించారు నీళ్ళు."

తెరచాపలు పటపటా కొట్టుకుంటున్నాయి. ఓడ పక్కకు తిరిగిపోతోంది. డాక్టరు కెప్టెన్ చెవిలో ఏదో చెప్పాడు. కెప్టెన్ ఉమ్మేసి లోపలికి పోయాడు. కాసేపటికి పీపా దొర్లిన చప్పుడైంది. ఆ చప్పుడుకు మా గొంతులు వాటంతటవే ఆగాయి. మొదటి గిన్నె జూడీ చేతికి పోయింది.

గోబ్నెట్ తన ముసుగు దులుపుకుని కప్పుకోబోతుండగా పట్టుకున్నారు. కిందపడ్డ ముసుగును మోల్ తీసి దాచింది.

ఓడ పైన ఒక నిలువు పెట్టె ఉంది. అందులో మనిషి నిలబడాలి. కూర్చోవడానికి చోటుండదు. శవపేటికను నిలబెట్టినట్టుంటుంది. గోబ్నెట్‌ను అందులో పెట్టి తాళం వేశారు. ఓడ అప్పటికే దక్షిణపు చలిలోకి దిగింది. మంచుగాలి తాళ్ళను కోసేస్తోంది.

కెప్టెన్‌కు నిద్ర పట్టడం లేదని సరంగు చెప్పాడు. శోకం వెనక్కి తీసుకుంటే వదిలేస్తానని కబురు పెట్టాడట. సరంగు పెట్టె దగ్గరికి పోయి ఆ మాట చెప్పాడు. మేం వింటూ ఉన్నాం.

"నేనొక్కదాన్నే తీస్తే కదా నాయనా వెనక్కి తీసుకోవడానికి!" పెట్టెలోంచి ఆమె గొంతు వచ్చింది. "వంత పట్టినవాళ్ళందర్నీ అడగమను."

మమ్మల్ని అడిగారు. ఆమె వెనక్కి తీసుకోని మాట మేమూ తీసుకోలేదు.

పైకి వదిలినప్పుడల్లా మేం పెట్టె పక్కగా నడుస్తూ "గోబ్నెట్!" అని పిలిచేవాళ్ళం. లోపల నుంచి చెక్క మీద కొట్టేది. చెయ్యి బలం తగ్గుతున్నట్టు ఆ చప్పుడులోనే తెలిసేది. ఒక ఉదయం చప్పుడు రాలేదు.

ఆమెను గుడ్డలో కుట్టారు. ఎవరైనా నోరు తెరిచి ఏడిస్తే నీళ్ళు మళ్ళీ బందు అని కెప్టెన్ చాటించాడు. జూడీ బిడ్డ అప్పుడప్పుడే కళ్ళు తెరిచి చూస్తోంది, మాడు నిండుతోంది. ఊరందరి చావుకూ ఏడ్చిన మనిషి. ఆమెను సముద్రంలో వదిలిన చప్పుడు ఒక్కటే వినబడింది. ఒక్క గొంతూ లేవలేదు.

కిందికి వచ్చాక ఎవరో గొణిగారు. "చెప్పలా? కుక్కలు ఆమె మీదికే వచ్చాయి."

నాకు ఒళ్ళు మండింది. "ఏ కుక్కలే? తాళం వేసింది వికరీ. చలిలో నిలబెట్టింది వికరీ. ఆయన చేతులతో చేసిన పనికి కుక్కలనంటావేం? పాపం వల్ల కాదు, పెట్టె వల్ల చచ్చింది ఆమె. మనందరి కోసం గొంతెత్తిన మనిషిని పెట్టె చంపింది."

తర్వాత మోల్ నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఊనా, ఆ మాటలు నాకు నేర్పుతావా?"

"ఏ మాటలు?"

"శోకం మాటలు. ఇప్పుడు తీయొద్దన్నాడు కానీ ఎప్పటికీ తీయొద్దనలేదుగా. సిడ్నీ దాకా పోనీ."

ఆ మిగిలిన దారంతా అదే పని. గుడ్డలు ఉతుక్కుంటూ గుసగుసగా ఒక్కొక్క మాట కట్టాం. హానోరా తాతముత్తాతల పేర్లు తెచ్చింది. జూడీ బిడ్డ సంగతి చెప్పింది. పట్నం పల్లె తేడా ఎక్కడ పోయిందో చూసుకోలేదు.

సిడ్నీ రేవులో ముందు గుర్రాన్ని దింపారు. మెత్తగా, జోకొడుతూ. మంచి కోటు వేసుకున్న పెద్ద అధికారి ఒకాయన వచ్చి కెప్టెన్ చేతిలో చెయ్యి కలిపాడు. తర్వాత మమ్మల్ని దింపి వరసలో నిలబెట్టారు. పక్కనే గట్టు కడుతున్నారు. కాళ్ళకు గొలుసులున్న మగ ఖైదీలు సుత్తులతో రాళ్ళు కొడుతున్నారు.

"ఎవరికైనా ఓడలో ఏమన్నా కష్టం కలిగిందా?" అని అధికారి మాట వరసకు అడిగాడు. జవాబు కోసం ఆగలేదు కూడా.

మోల్ వరసలోంచి ముందుకొచ్చింది. గోబ్నెట్ ముసుగు దాని దగ్గరే ఉంది. రేవు రాళ్ళ మీద పరిచింది. తల వైపు కూర్చుంది. ఇంగ్లీషు గడగడా వచ్చిన మోల్, మా భాషలో గొంతెత్తింది. పట్నపు యాస, తప్పులు. కానీ అన్నీ ఉన్నాయి అందులో. కొండ ఊరు, దొర గేటు, గుర్రం బాల్చీ, బిడ్డ మాడు, నిలువు పెట్టె, కెప్టెన్ పేరు.

మేం వంత పట్టాం.

సుత్తుల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోయింది. గొలుసుల్లో ఉన్న ఒక ముసలాయన టోపీ తీశాడు. ఆయన గొంతులోంచి మా వంతే వచ్చింది, బొంగురుగా. ఆ పక్కవాడు పట్టాడు. ఆ వెనకవాడు పట్టాడు. ఎన్నాళ్ళ కిందట ఇంటి దగ్గర విన్నారో ఆ ఏడుపు, గొలుసులతో సహా లేచి నిలబడ్డారు.

"ఏమంటున్నారు వీళ్ళు? ఎవరైనా చెప్పండి!" అని అధికారి అరుస్తున్నాడు. కెప్టెన్ మొహం తెల్లబడింది. ఈసారి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మేస్త్రీలు కొరడాలు ఝళిపించారు. సుత్తి ఎవరూ ఎత్తలేదు. మోల్‌ను జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు. పోతూ పోతూ పాడుతూనే ఉంది. ఆ ముసుగు నేను చుట్టి చంకన పెట్టుకున్నాను.

మమ్మల్ని ఆడఖైదీల జైలుకు తోలారు. ఉన్ని వడికే పని. అక్కడ మాకంటే ముందు వచ్చినవాళ్ళున్నారు, ఎముకలు తేలి, తలలు వంచుకుని. రొట్టెలో పిండి తక్కువ, రంపపు పొట్టు ఎక్కువ. అడిగితే జైలు అధికారి జుట్టు గొరిగిస్తున్నాడట. రేవులో జరిగింది మాకంటే ముందే వాళ్ళ చెవిన పడింది.

ఒక పొద్దున ఆ రొట్టె నా చేతిలో పొడిపొడిగా రాలింది. నేను రాట్నం ఆపి లేచాను. గోబ్నెట్ ముసుగు తీసి నేల మీద పరిచాను. రాట్నాలన్నీ ఆగిపోయాయి. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు.

పాపమా అని ఎవరూ అడగలేదు. నా పక్కన కూర్చుంటూ హానోరా ఒక్కటే అడిగింది.

"ఎవరి పేరు?"