వీపు లేని కోటు

నేను ఒక కోటును. ముందునుంచి చూస్తే కోటును. వెనకనుంచి చూస్తే రెండు గుడ్డపేలికలు, నాలుగు నాడాలు. నేను పుట్టింది 1991 మార్చి 14, గురువారం. ఆ పొద్దున దర్జీ గౌరునాయుడు దిబ్బరొట్టె బెల్లప్పాకంలో ముంచుకుని తిని, చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే మిషన్ ముందు కూర్చున్నాడు. ఆ పాకం మరక నా ఎడమ లోపలి జేబు మీద ఇప్పటికీ ఉంది. నాకున్న పుట్టుమచ్చ అదొక్కటే.

నన్ను కుట్టించినవాడు పార్వతీపురం మెయిన్ రోడ్డులో ఫోటో స్టూడియో నడిపే భాస్కర పట్నాయక్. నా వీపును మెడనుంచి అంచుదాకా నిలువునా చీల్చమన్నది కూడా ఆయనే.

"సన్నగా ఉన్నోడొస్తే బిగించి కడతాం, లావుగా ఉన్నోడొస్తే వదిలేస్తాం. కెమేరాకి వీపుతో ఏటి పని గౌరునాయుడూ?" అన్నాడు.

పైజేబులు రెండూ ఉత్తుత్తివి. మూతలే గానీ లోపల సంచుల్లేవు. లోపలి జేబు మాత్రం గౌరునాయుడు చేతి అలవాటు కొద్దీ నిజంగానే కుట్టేశాడు.

మనుషులంటే నాకు పెద్దగా గౌరవం లేదు. వాళ్ళను నేను వెనకనుంచి చూశాను. పైన నేను, నా మీద టై, కింద లుంగీ, కాళ్ళకు హవాయి చెప్పులు. పెళ్ళిసంబంధాలకు ఫోటో దిగడానికి వచ్చినవాడు నన్ను తొడుక్కోగానే దవడ బిగించి ఆఫీసరైపోయేవాడు. కౌన్సిలర్‌గా నిలబడేవాడు పోస్టరు కోసం వచ్చి, గడ్డం ఎంత పైకెత్తితే అంత నిజాయితీ కనిపిస్తుందనుకునేవాడు. నాడాలు విప్పగానే అందరూ మళ్ళీ వంగిపోయేవాళ్ళు. వెళ్తూ వెళ్తూ చెమట మాత్రం నాకు వదిలేవాళ్ళు. పదమూడేళ్ళలో నన్ను ఒక్కసారైనా ఉతికిన పాపాన పోలేదు ఎవరూ. ఫోటోలో వాసన రాదు కదా.

వీటన్నిటికంటే నాకు రోత పుట్టించేది జంటఫోటో. భార్య పోయాక కొందరు మొగుళ్ళకు హఠాత్తుగా గుర్తొస్తుంది, ఇద్దరూ కలిసి ఒక్క ఫోటో కూడా దిగలేదని. బతికున్నన్నాళ్ళూ రాని తీరిక అప్పుడొస్తుంది. వాళ్ళకు పట్నాయక్ నన్ను తొడిగి కుర్చీలో కూర్చోబెట్టేవాడు. పక్కన ఆయన భార్య ఇందుమతి స్టూడియో పట్టుచీర కట్టుకుని కూర్చునేది. తర్వాత ఇందుమతి తల తీసేసి, పాత ఫోటోలోంచి పోయినావిడ మొహం తెచ్చి అతికేవాడు. కంప్యూటర్‌లో దొరికే బొమ్మల ఒళ్ళు వెలుగునీడల్లో కలవదట. కట్టుకున్నావిడ ఒళ్ళయితే బాగా కలుస్తుంది, పిలిస్తే వస్తుంది కూడా.

ఇందుమతికి ఒక అలవాటుండేది. స్కాన్ చేసిన మొహాన్ని ఏ మార్పూ చెయ్యకముందే ఒక చిన్న కాగితమ్ముక్క మీద అచ్చు తీసుకునేది.

"ఎందుకే అది? ఇంకు దండగ," అనేవాడు పట్నాయక్.

"ఎవరి బదులు కూర్చుంటున్నానో ఒకసారి చూసుకోవద్దాండీ?" అనేది.

చూసుకుని, ఫోటోకి వేళయ్యేసరికి ఆ ముక్కను నా లోపలి జేబులో దోపేది. దోపి మరిచిపోయేది. అలా నా జేబులో పదకొండుమంది ఆడవాళ్ళు పోగయ్యారు.

2004 వేసవిలో ఒక మధ్యాహ్నం కూర్మయ్య వచ్చాడు. కార్డుల ఆఫీసు గేటు పక్కన ఇస్త్రీబండి పెట్టుకున్న ముసలాయన. చేతిలో రేషన్ కార్డు. దాని మీద వేలిగోరంత ఫోటోలో ఆయన, ఆయన భార్య తవిటమ్మ. ఎండకు ఆవిడ కళ్ళు చికిలించి ఉన్నాయి. ఆఫీసువాళ్ళ నీలం ముద్ర సరిగ్గా ఆవిడ బుగ్గమీద పడింది.

"పాతకార్డులు ఇయ్యాల అయిదు గంటలకల్లా ఇచ్చియ్యాలంట బాబూ. కొత్తదాంట్లో ఆవిడ పేరుండదు. సచ్చిపోయింది కదా. ఇది తప్ప ఆవిడ మొగం ఎక్కడా నేదు," అన్నాడు.

పట్నాయక్ కార్డును స్కాన్ చేసి తిరిగి ఇచ్చేశాడు. ఇందుమతి తన ముక్క తాను అచ్చు తీసుకుంది. కూర్మయ్యకు తొడగడానికి నన్ను మేకు మీంచి తీశారు. ఇంకొకడు వచ్చాడులే అనుకున్నాను. కూర్మయ్య మాత్రం చేతులు చాచలేదు. నన్ను అందుకుని, కాలరు వాసన చూసి, అటు తిప్పి ఇటు తిప్పి నవ్వాడు.

"ఏటి బాబూ, దీనికి ఎనక నేదు?"

"ఎనక ఎవడు చూస్తాడోయ్? తొడుక్కో తొందరగా."

"ముడతల గుడ్డతోటి ఆవిడ పక్కన కూకోలేను బాబూ. తిడతాది. నలబైయేళ్ళు నేను ఇస్త్రీ సేస్తే మడత ఎట్టింది ఆవిడే. ఒక్క ముడతున్నా నా మొగాన కొట్టేది. పది నిమిషాలు ఓపిక పట్టండి."

పట్నాయక్ గొణుగుతుండగానే నన్ను భుజాన వేసుకుని రోడ్డు దాటాడు. నా జన్మలో మొదటిసారి వీధి చూశాను. తడిగుడ్డతో కాలరు తుడిచాడు. జేబు తడిమి కాగితాలు బయటికి తీసి, ఎవరో ఆడవాళ్ళని చూసి, బొగ్గుల సంచికి దూరంగా పెట్టాడు. ముందు రొమ్ము భాగం, తర్వాత చేతులు ఇస్త్రీ చేశాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. నన్ను బోర్లా తిప్పి, వెనకనున్న ఆ రెండు పేలికల మీద కూడా నీళ్ళు చిలకరించి, అంచుదాకా పెట్టె నడిపాడు. నాలుగు నాడాలనూ ఒక్కొక్కటే సాపు చేశాడు. ఫోటోలో కనిపించని చోటు! ఎందుకు చేశాడో నాకు అంతుబట్టలేదు. కాగితాలు తిరిగి జేబులో పెట్టి తీసుకొచ్చాడు.

కుర్చీలో మాత్రం ఆయన ఒక పక్కకు ఒదిగిపోయాడు. పక్కన పట్టుచీరలో ఇందుమతి ఉందాయె.

"దగ్గరికి జరగవోయ్ కూర్మయ్యా, నీ పెళ్ళామే అనుకో!"

"తప్పు బాబూ. అమ్మగోరు."

ఇందుమతి చేతిలోని ముక్కను మరొకసారి చూసుకుంది. "తాతా, తవిటమ్మ ఎలా కూర్చునేది?"

"ఎక్కడ కూకుంటాది తల్లీ? నిలబడే మడతలెట్టేది."

ఇందుమతి లేచి నిలబడింది. ముక్కను నా జేబులో దోపి, నా భుజం మీద చెయ్యి వేసింది. కూర్మయ్య తల పైకెత్తి ఆవిడను చూశాడు.

"మరి మీ మొగం తీసేత్తారా అమ్మా? అయ్యో."

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాడు ఈయనొక్కడే. ఇందుమతి నవ్వింది గానీ, నా భుజం మీది చెయ్యి కాస్త బరువైంది.

అయిదు కాకుండానే కూర్మయ్య వెళ్ళి కార్డు ఇచ్చేశాడు. ఆరింటికి తిరిగొచ్చాడు. పట్నాయక్ గర్వంగా ఫోటో అందించాడు. బుగ్గమీద ముద్ర లేదు. రంగు తేలింది. చికిలించిన కళ్ళను ఆయన విప్పేశాడు. ముక్కును కూడా కొంచెం సరిచేశాడు.

కూర్మయ్య ఫోటోను దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఈవిడెవులు బాబూ?"

"ఎవులేటి? మీ ఆవిడే!"

"కాదు బాబూ. ముద్ర తియ్యడానికెళ్ళి మనిషినే తీసేసినారు. ముందున్నది ఇయ్యండి, అదే సాలు."

"ముందున్నదాని మీదే కదా పని చేశాను? దాని మీదే సేవ్ అయిపోయింది. కార్డు మళ్ళీ పట్రా."

"కార్డు ఇచ్చేసినాను బాబూ. అక్కడ సంచిలో ఏసి సీలేసేసినారు."

కూర్మయ్య బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. మేకుకు వేలాడుతున్న నాకు అన్నీ తెలుసు. ఆవిడ నా ఎడమ జేబులో, పాకం మరక వెనక ఉంది. చెప్పడానికి నాకు నోరు కుట్టలేదు గౌరునాయుడు. ఆ పనికిమాలిన పైజేబుల మూతలు కుట్టే బదులు అది కుట్టి ఉంటే ఎంత బాగుండేది!

లోపల చీర మార్చుకుని వస్తున్న ఇందుమతి ఆఖరి మాటలు విని ఆగింది. తిన్నగా నా దగ్గరికొచ్చి జేబులో చెయ్యి పెట్టింది. కాగితమ్ముక్కలన్నీ బల్లమీద పరిచింది. అన్నీ గోరంత మొహాలు, నలుపూ తెలుపూ, ఒకదానికొకటి తేడా తెలియదు. ఆవిడ వెతికేలోపే ముసలాయన వేలు వెళ్ళి ఒకదాని మీద ఆగింది.

"ఇదీ తవిటమ్మ."

కళ్ళు చికిలించి, బుగ్గన ముద్రతో, ఎవరి మీదో కోపంగా చూస్తోందావిడ.

"దీన్నే పెట్టండి," అంది ఇందుమతి.

"ముద్రతోనా? జనం నవ్వుతారు. నా స్టూడియో పేరు వెయ్యను దీని మీద!"

"వెయ్యకండి. ఎవరు అడిగారు?"

పట్నాయక్ సణుగుతూనే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మెడ దగ్గర అతుకు కనిపించకుండా మాత్రం చాలాసేపు ఓపిగ్గా పని చేశాడు. అది మాత్రం ఒప్పుకోవాలి. అచ్చయి వచ్చిన ఫోటోలో నా కాలరు కత్తిలా నిలబడి ఉంది. నా భుజం మీద ఒక చెయ్యి. ఆ పైన, ఇంకా ముడతల కోసం వెతుకుతున్నట్టు చికిలించిన కళ్ళు, ముద్ర పడిన బుగ్గ.

కూర్మయ్య మొదట చూసింది తన మొహాన్ని కాదు, నా మడతల్నే. "ఇస్త్రీ బాగుంది. తిట్టదు," అన్నాడు. ఫోటోను తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కూడా టై కట్టిన లుంగీలు వస్తూనే ఉన్నాయి. మనుషుల గురించి నా అభిప్రాయం పెద్దగా మారలేదు. ఒకరిద్దరిని మినహాయించాను, అంతే.

కూర్మయ్య వెళ్ళిన ఆ సాయంత్రం స్టూడియో కట్టేసేముందు ఇందుమతి పన్నెండు ముక్కల్నీ జాగ్రత్తగా జేబులో పెట్టింది. నన్ను ఎప్పటిలా మేకుకు గుచ్చకుండా, ఎక్కడినుంచో ఒక హ్యాంగర్ వెతికి తెచ్చి తగిలించింది. ఇస్త్రీ చెడకుండా నా వెనక పేలికలు రెండూ దగ్గరికి చేర్చి, లోపల ఎవరూ లేకపోయినా, నాలుగు నాడాలూ ముడివేసింది. లైటు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.