సీలు విప్పని బ్యాటరీ

దబ్బనం కాగితాల మధ్యలో మొరాయించింది. సీలక్క దాన్ని బయటికి లాగి, నూనె కోసం తలలో ఓసారి రాసి, మళ్ళీ గుచ్చింది. ఈసారి కిక్కురుమనకుండా దిగింది.

ఆఫీసంటే రెండు గదులు, ఒక ప్రింటరు, ఆ ప్రింటర్ని బతిమాలడం తెలిసిన ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి సీలక్కే. ఫోన్ కంపెనీల మీద, ఇంటర్నెట్ కంపెనీల మీద జనం తరఫున కేసులు వేసే ఆఫీసది. అవతలివాళ్ళకి బస్సెడు మంది లాయర్లు. వీళ్ళకి లాయరమ్మ, ఇద్దరు జూనియర్లు, సీలక్క. సాక్ష్యంగా పెట్టే ప్రతి వస్తువుకీ సీలు వేసి సంతకం చేసేది ఆవిడే కాబట్టి జూనియర్లు ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు.

ఇంతకుముందు బట్టల కొట్లో బిల్లులు కొట్టింది. ఆసుపత్రిలో నిలబడి టోకెన్లు పిలిచింది. మొగుడు ఒకరోజు సిమ్ కార్డు మార్చి కొత్త నంబరు ఇవ్వలేదు, ఆ కాపురం అలా ముగిసింది. ఇప్పుడు చెల్లెలింట్లో ఫ్రిజ్ పక్కన మంచం. ఫ్రిజ్ గురక పెడుతుంది కాబట్టి ఒంటరితనం లేదంటుంది. తన సంతకానికి విలువుంటుందని, దాన్ని చూసి కోర్టు తలాడిస్తుందని, ఈ ఆఫీసుకొచ్చాకే తెలిసింది. అప్పట్నించీ సంతకం కాస్త పెద్దదిగా పెడుతోంది.

ఇప్పుడు కుడుతున్నది టైలర్ కేసు. బజారు వెనక, ఎత్తు బిల్డింగుల మధ్య ఇరుక్కున్న సందు. సెల్ సిగ్నల్ సందు మొదట్లోనే వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. పాత తీగల ఫోనున్న రోజుల్లో కరెంటు పోయినా మోగేది. కంపెనీ ఆ తీగలు పీకేసి, ఫోను ఇంటర్నెట్ మీద నడిచేలా ఇంటింటికీ కరెంటుతో పనిచేసే ఒక తెల్ల పెట్టె బిగించింది. కరెంటు పోతే పెట్టె చస్తుంది, దాంతోపాటు ఫోనూ చస్తుంది. బ్యాటరీ ఇవ్వండి మహాప్రభో అంటే మా పని కాదన్నారు. సందు మొత్తం తరఫున ఆ కేసు మీద సంతకం పెట్టింది టైలర్. గుండెకి ఆపరేషనైన మనిషి. అంబులెన్సుని పిలవాల్సిన అవసరం ఎవరికైనా వస్తే ముందు ఆయనకే.

కేసు పడిందో లేదో, కంపెనీ కుర్రాడు బ్యాటరీ డబ్బా తెచ్చి టైలర్ చేతిలో పెట్టి పోయాడు. ఒక్క టైలర్‌కే, ఊరికే. ఆయన దాన్ని వాడితే చాలు, "ఈయన బాధ తీరిందిగా, ఇంక కేసెందుకు" అని కోర్టులో అంటారు. ఈ ఎత్తుతోనే ఇదివరకు రెండు కేసులు గాలికి పోయాయి. అందుకే లాయరమ్మ సీలక్కని పంపింది. సీలక్క డబ్బా మీద అడ్డంగా కాగితపు టేపు అంటించి, సగం టేపు మీద, సగం డబ్బా మీద పడేలా తన సంతకం పెట్టి, పక్కన ఆయన చేతా పెట్టించింది.

"తీర్పొచ్చేదాకా విప్పకు అన్నయ్యా. విప్పితే సందంతా మునుగుతుంది."

"నేను విప్పేది కుట్లేలే చెల్లెమ్మా," అని నవ్వాడాయన.

కుట్టిన ఫైలు సంచిలో పెట్టుకుని, కోర్టుకి వెళ్తూ ఎప్పట్లాగే టైలర్ కొట్టు దగ్గర ఆగింది. టైలర్ మిషను ముందు కూర్చున్నాడు గానీ కాళ్ళు ఆడట్లేదు. సూది కింద సగం కుట్టిన స్కూలు నిక్కరు, వేళ్ళకి గుడ్డ మీద గీతలు గీసే నీలం సుద్ద. చెంపల మీంచి చెమట.

"ఏంటన్నయ్యా, మిషను సమ్మె చేస్తోందా?"

"రాత్రినించీ గుండెల మీద ఎవడో ఇస్త్రీపెట్టె పెట్టి మర్చిపోయినట్టుంది."

"పద, డాక్టర్ దగ్గరికి."

"సాయంత్రం పోతాలే. ఈ నిక్కర్లు ఇవ్వకపోతే పిల్లలు ఏమేసుకుపోతారు?" అని, అలమర మీది డబ్బా వైపు చూశాడు. "చెల్లెమ్మా, ఈ ఒక్కరోజుకి అది పెట్టుకుంటే? రేపు తీసేసి ఇంకో టేపు వేద్దాం. ఎవడు చూడొచ్చాడు?"

సీలక్క ఆ టేపు వంక చూసింది. అంత పెద్ద సంతకం.

"ఇవాళే విచారణ అన్నయ్యా. తేలిపోతుంది. ఈ ఒక్క పూట ఓపిక పట్టు."

"సరే. నువ్వు చెప్పాక ఇంకేముంది." దారపు ఉండ ఒకటి ఆవిడ చేతిలోకి విసిరాడు. "ఇది తీసుకెళ్ళు. ఫైలు గట్టిగా కుట్టు."

కోర్టులో తేలింది ఏమీ లేదు. కంపెనీ పెద్ద లాయరుకి వేరేచోట పనుందట, వాయిదా కావాలట. జడ్జిగారు సెలవుల తర్వాతకి వేశారు. సూదిలో దారం ఎక్కించడానికి కూడా అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

"మేడం, టైలర్‌కి ఒంట్లో బాలేదు," వరండాలో అంది సీలక్క. "ఆ బ్యాటరీ పెట్టేద్దాం."

లాయరమ్మ నల్లకోటు విప్పుతూ ఆగిపోయింది. "పెట్టేస్తే కేసు..."

"తెలుసు మేడం."

"ఆఫీసుకి రా అక్కా, కూర్చుని మాట్లాడదాం."

మామూలుగా అయితే 'సరే మేడం' అనేది. ఇవాళ ఫైళ్ళ దారం కోసే కత్తెర సంచిలో ఉందో లేదో తడుముకుని, నేరుగా బస్సెక్కింది.

సగం దారిలో సిగ్నల్ లైట్లు ఆరిపోయాయి. దుకాణాల్లో ఫ్యాన్లు నెమ్మదించాయి. కరెంటు పోయింది. కూడలిలో బస్సు ఇరుక్కుంది. సీలక్క టైలర్ నంబరు నొక్కింది. "మీరు చేసిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు," అంది కంపెనీ గొంతు, తేనె పూసినట్టు. ఇన్నాళ్ళూ ఆ మాట వినబడితే ఇంకో సాక్ష్యం దొరికిందని సంబరపడేది. ఇప్పుడు మళ్ళీ నొక్కింది. మళ్ళీ. ఆఖరికి బస్సు దిగి నడిచింది, ఆ తర్వాత పరిగెత్తింది.

సందులో ఇస్త్రీ బండి ఆవిడ నీడలో కూర్చుని విసురుకుంటోంది. "మిషను చప్పుడు లేదు, పడుకున్నట్టున్నాడు," అంది.

టైలర్ ఫోను పక్కన కుర్చీలో ఉన్నాడు. తల గోడకి ఆనింది. రిసీవర్ ఒళ్ళో ఉంది. సీలక్క ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆ చెయ్యి ఇంక వెచ్చబడలేదు.

సిగ్నల్ కోసం సందు చివరికి నడిచి లాయరమ్మకి ఫోన్ చేసింది.

"టైలర్ పోయాడు మేడం."

అవతలినుంచి మెల్లగా, "సీలు... సీలు ఉందా అక్కా?" వెంటనే తనే, "అయ్యో, నేనేం అడుగుతున్నాను..."

"చూసి చెప్తా మేడం."

తిరిగి గదిలోకి వచ్చేసరికి కరెంటు వచ్చింది. తెల్ల పెట్టెలో పచ్చ దీపం వెలిగింది. ఆయన ఒళ్ళో రిసీవర్ ఏమీ ఎరగనట్టు సన్నగా కూ అంటూ మోగడం మొదలెట్టింది. సీలక్క దాన్ని తీసి ఫోను మీద పెట్టింది. సంచిలోంచి కత్తెర తీసి అలమర దగ్గరికి వెళ్ళింది.

డబ్బా పెట్టినచోటే ఉంది. టేపు ఒక మూల గోటితో లేపి, మళ్ళీ ముడత పడకుండా ఒత్తి అంటించి ఉంది, ఆ మూల మీద నీలం సుద్దతో ఒక బొటనవేలి గుర్తు.