అమ్మ కోసిన ముడి

బళ్ళో ఆ పిల్లని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ ఆమె ‘పార్సిల్’. తప్పు పిల్లలది కాదు, ఆమె తల్లిది.

వాళ్ళమ్మ పార్సిల్ ఆఫీసులో పొట్లాలు కట్టేది. పద్దెనిమిదేళ్ళుగా అదే బల్ల, అదే పురికొస ఉండ, అదే ముడి. ఎడమచేతి బొటనవేలి చుట్టూ ఒక మెలిక, దాని కిందనించి ఇంకో మెలిక, చివర కొస లోపలికి. చూస్తే గోళీకాయంత ఉండేది. లారీలోంచి విసిరినా ఊడేది కాదు. తెలిసినవాళ్ళు బొటనవేలు సరైనచోట దూర్చి ఒక్క లాగు లాగితే ఇట్టే విడిపోయేది. తెలియనివాళ్ళు గోళ్ళు విరగ్గొట్టుకోవలసిందే. అలా తెలిసినవాళ్ళు ప్రపంచంలో ఇద్దరే ఉన్నారు, అమ్మా కూతురూ.

ఆఫీసులో పని ఆఫీసులో వదిలి రావచ్చు కదా! పుట్టుకతో వచ్చిన బుద్ధి అన్నట్టు, ఆవిడ ఇంట్లోనూ చేతికందిన ప్రతిదాన్నీ కట్టేసేది. పాత పేపర్లకు ముడి, గొడుగుకు ముడి, అన్నం డబ్బాకు ముడి. డబ్బా ముడి మరీ ముఖ్యం. మధ్యాహ్నం తిన్నాక పిల్ల మళ్ళీ అదే ముడి వేసి తీసుకురావాలి. సాయంత్రం అమ్మ దాన్నొకసారి తడిమి చూసేది.

“పరుగెత్తుకుంటూ కట్టావు. ఆటకి తొందరయిందా?”

ఒక్కోసారి, “ఇవాళ సగమే తిన్నావు,” అనేది. ముడిలో అది ఎలా తెలుస్తుందో ఆ పిల్లకు అర్థమయ్యేది కాదు. డబ్బా బరువును బట్టి తెలుస్తుందని తట్టేంత తెలివి అప్పట్లో లేదు.

ఆ ఇంట్లో కత్తెర ఉండేది కాదు. “ముడిని కోసేవాళ్ళు చేతకానివాళ్ళే,” అని అమ్మ సిద్ధాంతం. పురికొస తెగితే మళ్ళీ ఎందుకూ పనికిరాదు, విప్పితే పదేళ్ళు వస్తుంది. ఒకసారి పిల్ల బూటు లేసు చిక్కుపడితే, బడిగంట వినిపిస్తున్నా సరే, అమ్మ గుమ్మంలో చతికిలబడి ముప్పావుగంట విప్పింది. ఆలస్యానికి కారణం అనేచోట క్లాసు టీచరు ‘ముడి’ అని రాసుకున్నారు. అంతకంటే ఏం రాస్తారు పాపం.

“అందరి డబ్బాలకీ మామూలు ముడి ఉంటుందమ్మా. నాకూ అదే వెయ్యమ్మా,” అని పిల్ల రెండేళ్ళు ఏడ్చింది. గోడకి చెప్పుకున్నా కొంత ఫలితం ఉండేదేమో.

ఏడో తరగతి అర్ధసంవత్సర పరీక్షల్లో అసలు కథ జరిగింది. లెక్కల పరీక్ష రాసి ఇంటికొచ్చి సంచీ తెరిస్తే, లోపల తన జవాబు కాగితాలే ఉన్నాయి! గంట కొట్టిన కంగారులో మాస్టారికి చిత్తుకాగితాలిచ్చేసి అసలువి తెచ్చేసుకుంది. చూసేసరికి పిల్ల ముఖాన నెత్తురు చుక్క లేదు.

లెక్కల మాస్టారిని పిల్లలు ‘శేషం మాస్టారు’ అనేవాళ్ళు. ఏ లెక్క చెప్పినా, చివరికి “శేషమెంత?” అని గద్దించేవారు. ఆయన దగ్గరికెళ్ళి జరిగింది చెబితే ఇంటిదగ్గర రాసుకొచ్చావంటారు. పిల్ల ఆలోచన అంతవరకే సాగింది. మర్నాడు మాస్టర్లందరూ భోజనాలకి వెళ్ళిన సమయంలో స్టాఫు రూములో దూరింది. అట్టల మధ్య జవాబు కాగితాల కట్ట బల్లమీదే ఉంది. విప్పి, చిత్తువి తీసి, అసలువి తన నంబరు దగ్గర పెట్టి, మళ్ళీ కట్టేసి, బయటపడింది. అమ్మయ్య అనుకుంది.

శనివారం ఒంటిపూట బడి. శేషం మాస్టారు దిద్దడానికి కట్ట పట్టుకుని క్లాసులోకొచ్చి పురికొస లాగారు. రాలేదు. గోళ్ళతో పీకారు, పెన్సిలు మొనతో గుచ్చారు. అటెండరును పిలిస్తే అతను పళ్ళతో కూడా ప్రయత్నించాడు. ముడి మెదల్లేదు. అప్పుడు తెలిసింది పిల్లకు, తను చేసిన పని. తొందరలో తల భయపడుతుంటే, చేతులు వాటికి తెలిసిన ముడే వేసేశాయి.

అటెండరు పెదాలు తుడుచుకుంటూ, “అయ్యా, ఇది పార్సిలమ్మాయి డబ్బాకుండే ముడిలా ఉందండీ,” అన్నాడు. అడగనిదానికి కూడా జవాబు చెప్పేవాళ్ళు ప్రతి బడిలోనూ ఒకరుంటారు.

మాస్టారు కట్టను కోయలేదు. కోస్తే సాక్ష్యం పోతుందని, అలాగే హెడ్మిస్ట్రెస్ గదికి తీసుకెళ్ళారు. ఒంటిపూట బడి కాబట్టి ఆ రోజు డబ్బా లేదు, పోల్చి చూడ్డానికి. పిల్లకు మిగిలిన అదృష్టం అదొక్కటే. అమ్మకి కబురు వెళ్ళింది.

అమ్మ పని మధ్యలో వచ్చింది, జుట్టులో పురికొస పీచుతో. హెడ్మిస్ట్రెస్ సూటిగా చెప్పేశారు. “ఎవరో కాగితాల కట్ట విప్పి మళ్ళీ కట్టారు. ఇది మీ ఇంటి ముడే అయితే, మీ అమ్మాయికి ఈ బళ్ళో ఇదే ఆఖరి రోజు. చూసి చెప్పండి.”

అమ్మ కట్టను చేతిలోకి తీసుకుంది. కూతురి వైపు చూడలేదు. ఎడమ బొటనవేలు తిన్నగా వెళ్ళి, దూరవలసిన చోట ఆగింది. ఇంకొక్క లాగు. పిల్ల కళ్ళు మూసుకుంది.

“ఎవరో చేతకానివాళ్ళు వేశారండీ,” అంది అమ్మ. “ఇది విప్పితే వచ్చే రకం కాదు. కత్తెరుందా?”

“అది కాదమ్మా, ఇది మీ ముడా, కాదా?” అన్నారు శేషం మాస్టారు.

“నా ముడైతే నేను విప్పుకోలేనా మాస్టారూ?”

ఆ మాటకు ఆయన దగ్గర శేషం ఏమీ మిగల్లేదు. హెడ్మిస్ట్రెస్ సొరుగులోంచి కత్తెర తీసిచ్చారు. అమ్మకు దాన్ని సరిగ్గా పట్టుకోవడం కూడా రాలేదు. రెండుసార్లు జారింది. మూడోసారి సరిగ్గా ముడి మీదే కోసింది. తెగిన ముక్కల్ని సంచీలో వేసుకుని, దణ్ణం పెట్టి, కూతుర్ని తీసుకుని బయటికొచ్చేసింది.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. పిల్లకు దెబ్బల భయం కన్నా ఆ కత్తెర చప్పుడే ఎక్కువ బాధ పెట్టింది. తన కోసం అమ్మ సొంత ముడినే చేతకానివాళ్ళదంది. అది తల్చుకుంటే ఏడుపొచ్చింది, నడిరోడ్డు మీద ఏడ్చింది కూడా.

ఇల్లు చేరాక అమ్మ అడిగింది. “పెట్టింది హాల్లో రాసిన కాగితాలా, ఇంట్లో రాసినవా?”

“హాల్లో రాసినవేనమ్మా. చిత్తువి ఇచ్చేసి, అసలువి తెచ్చేసుకున్నా.”

“నిజంగా?”

“నీమీదొట్టు.”

“ఆ ముక్క నాకు ముందే చెప్పి ఏడవొచ్చుగా!” అంది అమ్మ. తెగిన పురికొస ముక్కల్ని కలిపి ముడేసింది, ఉండకు చుట్టేసింది. 

సోమవారం పొద్దున డబ్బా చేతికొచ్చింది. దానికి మామూలు ముడి ఉంది. రెండు చెవులు వేలాడే ముడి, అందరి డబ్బాలకూ ఉండేదే. పిల్ల రెండేళ్ళు ఏడ్చినా దొరకనిది, అడక్కుండానే దొరికింది. అటెండరు తమ బెంచీ పక్కనించి వెళ్తూ డబ్బాను తొంగి చూసి మరీ వెళ్ళాడు. మధ్యాహ్నం ఆ ముడి విప్పితే విప్పినట్టే లేదు. అన్నం సయించలేదు.

ఆ సాయంత్రమే లెక్కల మార్కులు ఇచ్చారు. నూటికి పదకొండు.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. అమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక ఇంకేమైనా ఉన్నాయేమోనని చూసింది.

“ఈ పదకొండుకా, నాచేత కత్తెర పట్టించావు!”

పిల్ల తల వంచుకుని నిలబడింది. నేల చూస్తూనే అడిగింది. “డబ్బాకి మళ్ళీ మన ముడి ఎప్పుడు వేస్తావమ్మా?”

“ముప్పయ్యయిదు తెచ్చిన రోజు.”

దానికి ఏడాది పట్టింది.