పౌలయ్యగారి పొడుగు ప్రార్థన

1973 ఎండాకాలంలో పటాన్‌చెరులో మూడు ఆదివారాలు వరసగా మూడిళ్ళు దొంగలపాలయ్యాయి. మూడూ చర్చికి పోయేవాళ్ళవే. ఒకరిది రేడియో, ఒకరివి ఇత్తడి బిందెలు, మార్తమ్మది పెళ్ళినాటి పట్టుచీర. పట్టపగలు, అందరూ ఆరాధనలో ఉన్న వేళే పోయాయి. ఇంకేముంది, ఫ్యాక్టరీ పనులకని వచ్చిన పరాయివాళ్ళ మీద పడ్డారంతా. భీమవరం నుంచి వచ్చి సుకుమారి పక్కింట్లో దిగిన నరసరాజుకు చాయ్ హోటల్లో పలకరించేవాడే లేకపోయాడు.

సుకుమారికి మాత్రం ఈ కథ నమ్మబుద్ధి కాలేదు. ఊరికే ముచ్చట్లాడి ఊరుకునే స్థితి కాదు ఆమెది. ఇంట్లో కుట్టుమిషన్ ఉంది. ఫ్యాక్టరీలో భర్త దావీదు చెయ్యి నలిగి సగం జీతపు పనిలోకి మార్చినప్పటి నుంచి పొయ్యి వెలుగుతున్నది ఆ మిషన్ వల్లే. అది పోతే పిల్లలు పస్తే.

మూడిళ్ళలోనూ తాళం పగలలేదు. తాళంచెవితో తీసి, మళ్ళీ వేసి, చెవి ఉన్నచోటే పెట్టి పోయాడు మహానుభావుడు. షిఫ్టు దిగి మగవాళ్ళు ఎప్పుడొస్తారో తెలియదు గనుక ఆడవాళ్ళు చెవి గుమ్మం దగ్గరే ఎక్కడో దాచిపోతారు. ఆ చోటు వాడికెలా తెలిసింది?

జవాబు తట్టిన క్షణాన సుకుమారికి తన నోటి మీద తనకే ఒళ్ళు మండింది. ప్రతి శుక్రవారం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూటం జరుగుతుంది. "నేనొచ్చేసరికి లేటైతే చెవి కోళ్ళగూటి మీద కొబ్బరిచిప్పల ఉంటది, తీసుకొని లోపల కూసోండ్రి" అని చర్చిలో లేచి నిలబడి చెప్పింది తనే. మార్తమ్మా అలాగే చెప్పింది. కూటాలు జరిగిన వరసలోనే ఇళ్ళు పోతున్నాయి. మొన్నటి శుక్రవారం కూటం సుకుమారి ఇంట్లోనే.

"చెవి జాగ మార్చు, అయిపాయె," అన్నాడు దావీదు.

"మారిస్తే తాళం పగలగొడ్తడు. గట్ల గాదు. వాడెవడో నాకు తెల్వాలె."

"మనోళ్ళే అంటవా ఏంది? ఆ టైంల అందరు గుళ్ళనే ఉంటరు గదా."

"ఉంటరు. కండ్లు మూసుకొని ఉంటరు."

పాస్టరు పౌలయ్యగారి ప్రార్థన గురించి చెప్పాలి. ఆయన మొదలుపెట్టాడంటే దేశాలేలేవాళ్ళ నుంచి మన పోస్ట్‌మాన్ దాకా ఎవర్నీ వదలడు. అరగంటకు తక్కువ పట్టదు. అంతసేపూ రెప్ప ఎత్తేవాడుండడు. ఎత్తితే పాపమని చిన్నప్పటి నుంచీ నూరిపోశారు మరి. సుకుమారి కూడా ముప్పయ్యేళ్ళలో ఒక్కసారి ఎత్తలేదు.

ఆ ఆదివారం దావీదు డ్యూటీకి పోయాడు. సుకుమారి పిల్లల్ని తీసుకుని, తాళం వేసి, చెవిని ఆ చిప్పలోనే పడేసింది. రెండడుగులు వేసి, మిషన్ గుర్తొచ్చి ఆగింది. అయినా వెనక్కి తీయలేదు.

పౌలయ్యగారు "ప్రార్థన చేద్దాం" అన్నాడు. తలలన్నీ వంగాయి. తలుపు దగ్గర గోడవారగా కూచున్న సుకుమారీ తల వంచింది గానీ కొంగుచాటు నుంచి కళ్ళు తెరిచే ఉంచింది. "తప్పైతే నా మీదేసుకుంట తండ్రీ" అనుకుంది. ఆయన ఇంకా జిల్లా కలెక్టరు దాకా రాలేదు, వెనక వరసలో ఒక మనిషి మెల్లగా లేచాడు. సుందర్‌రాజు. వారం వారం చందా పళ్ళెం పట్టి అందరి ముందుకూ వచ్చే మనిషి! ఎన్నిసార్లు ఆ పళ్ళెంలో సుకుమారి తన కుట్టుకూలి వేసిందో!

అతను గుమ్మం దాటాక ఆమె లేచింది. రెండు సందులు అవతలే తన ఇల్లు. పక్కింటి గోడ చాటున నిలబడి చూసింది. చిప్పలో చెవి తీసుకున్నాడు, తలుపు తీశాడు, తాళాన్ని చెవితో సహా గొళ్ళేనికే తగిలించి లోపలికి పోయాడు. సుకుమారి ఒక్క ఉరుకున వెళ్ళి తలుపు లాగి, గొళ్ళెం పెట్టి, తాళం నొక్కి చెవి కొంగున ముడేసుకుంది.

చప్పుడుకు నరసరాజు భార్య హైమావతి బయటికొచ్చింది.

లోపలి నుంచి గొంతు వినిపించింది. "అక్కా, నేను సుందర్‌రాజును. తలుపు తియ్యి. నీ కాల్మొక్త."

"తీస్త. అందరు కండ్లు తెరిచినంక తీస్త," అంది సుకుమారి. హైమావతి వైపు తిరిగి, "జెర ఈడనే ఉండక్కా" అంది.

"ఎక్కడికీ పోనండీ," అంటూ హైమావతి గడప మీదే చతికిలబడింది.

సుకుమారి తిరిగి వచ్చేసరికి పౌలయ్యగారు రైల్వేవాళ్ళ కోసం ప్రార్థిస్తున్నాడు. ఆమె నడిమధ్యన నిలబడింది.

"అయ్యగారూ, ఇగ ఆమెన్ చెప్పుండ్రి. జల్దీ మా ఇంటిదాకా రావాలె."

ఆయన కళ్ళు తెరిచాడు. "ప్రార్థనల కండ్లు తెరిచినవా, సుకుమారీ?"

"తెరిచిన."

తలుపు తీస్తే సుందర్‌రాజు మిషన్ పక్కన నేల మీద కూచుని ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవరు, ముందర గోనెసంచి. పని పోయి ఆరునెలలైందట. ఇంట్లో చెప్పలేక రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బస్టాండులో కూచుంటున్నాడట. సుకుమారికి జాలేసింది. కోపమూ తగ్గలేదు. ఆకలైతే అడగొచ్చు గదా, ఇంకొకరి గిన్నె గుంజుకోవాలా?

గుమిగూడిన పెద్దల్ని చూసి హైమావతి ఒక్కటే అడిగింది, "ఇప్పుడైనా మా ఆయన్ని పలకరిస్తారాండీ?" పౌలయ్యగారే నరసరాజు ఇంటికి పోయి క్షమాపణ అడిగాడు.

పై ఆదివారం ఆయన "ప్రార్థన చేద్దాం" అని, ఎందుకో అనుమానం వచ్చి ఓరగా చూశాడు. మార్తమ్మ పక్కకు చూస్తోంది, పక్కామె వెనక్కి చూస్తోంది, వెనకవాళ్ళు తలుపుకేసి చూస్తున్నారు. సుకుమారి ఒక్కతే గట్టిగా కళ్ళు మూసుకుని, సుందర్‌రాజు పేరు చెప్పి ప్రార్థిస్తోంది.