మెరక మీద ఇల్లు

మా ఊళ్ళో పెళ్ళిచూపులకి వెళ్ళినవాడు పిల్లని తర్వాత చూస్తాడు, ముందు గోడ చూస్తాడు. కొల్లేటి అంచున ఉన్న ఊరు మాది. ప్రతి ఇంటి గోడ మీదా వరద నీళ్ళు నిలిచిన చార ఒకటి ఉంటుంది. ఆ చార మోకాలి దగ్గరుంటే సంబంధం ఫరవాలేదు, నడుం దాకా ఉంటే ఆలోచించుకోవాలి. హరిచందన వాళ్ళ ఇంటి చార చీలమండ దాటలేదు. నేను సరేననడానికి అదే కారణమని ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

అలాంటివాణ్ణి పట్టుకుని, మామిడితోటల మధ్య మెట్ట ఊళ్ళో అద్దె ఇల్లు వెతకమని పంపింది.

సంగతేమిటంటే, మా ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషనిచ్చి చాట్రాయి దగ్గర ఒక ఊరికి వేశారు. మూడేళ్ళ క్రితం కూడా ఒకసారి వస్తే వద్దని రాసిచ్చేసింది. కారణం నేనే. చెరువు గట్టు వదిలి నేను రానన్నాను. గట్టు మీద నాకేమైనా రాచకార్యాలున్నాయా అంటే, ఉన్న ఆరెకరాలూ చేపల చెరువుకి లీజుకిచ్చేసి, రోజూ పొద్దున్నే వెళ్ళి నీళ్ళ వంక చూసి రావడమే నా పని. డిగ్రీ చదివినవాణ్ణి గనక చేతులు వెనక్కి కట్టుకుని చూస్తాను.

ఈసారి ఆవిడ పోట్లాడలేదు.

"ఇల్లు మీరే చూడండి," అంది. "నేను చూసిన ఇంట్లో మీరు వారం ఉండరు. ఫ్యాను చప్పుడంటారు, పప్పు ఉడకట్లేదంటారు, బస్సెక్కేస్తారు. మీరు చూసిన ఇల్లయితే తిట్టడానికి మీకు మనిషి దొరకడు."

శ్రావణమాసంలో వెళ్ళాను. నూజివీడులో బస్సు మారి, చాట్రాయి దాటి ఆటో ఎక్కితే దారి పొడుగునా తోటలే. వాన కడిగిన మామిడాకు పెళ్ళికొడుకులా మెరుస్తోంది. స్కూలు దగ్గర దిగి అడిగితే రెండు ఇళ్ళు ఖాళీ ఉన్నాయన్నారు.

మొదటిది సవరమ్మగారిది. ఆ స్కూల్లోనే ఆయాగా చేసి రిటైరైన మనిషి. పక్క పోర్షన్ అద్దెకిస్తుంది. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో గిలక బావి, వీధి గుమ్మం ఎదురుగా పంచాయతీ కుళాయి. అంతా బాగుంది గాని ఇల్లు రోడ్డు కంటే రెండడుగులు పల్లం. వంగి గోడ వెతకడం మొదలెట్టాను.

"ఏంటి బాబూ, చెదలకోసమా?" అంది సవరమ్మ.

"కాదు మామ్మగారూ, నీటి చార. వరదొస్తే ఇంట్లోకి నీళ్ళు ఎంత ఎత్తు వస్తాయండీ?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏ వరద?"

"ఏదైనా."

"నాకు అరవై రెండేళ్ళు. ఈ ఊళ్ళో వరదని టీవీలోనే చూశాను."

"ఇంత పల్లం కదండీ! మా ఊళ్ళో అయితే ఈ ఇంట్లో చేపపిల్లల్ని వదులుతారు."

ఎవరింట్లో నిలబడి ఏం కూస్తున్నానో నాకు తెలియలేదు. సవరమ్మకి తెలిసింది. "అయితే మీ ఊళ్ళోనే చూసుకో బాబూ," అని తాళం వేసేసింది.

రెండోది బసవపున్నారావుగారి డాబా. ఊరికి ఎగువన, తోట మధ్యలో, దిబ్బ మీద. రోడ్డు నుంచి పద్నాలుగు మెట్లు. లెక్కపెడుతుంటేనే నా కళ్ళు చెమర్చాయి. మా ఊళ్ళో రెండు మెట్ల ఎత్తు కోసం అన్నదమ్ములు కోర్టుకెళ్తారు.

"ఎన్ని ట్రక్కుల మెరక మట్టి తోలించారండీ?" అని అడిగాను.

"తోలించేదేంటండీ, దేవుడిచ్చిన దిబ్బ," అన్నారాయన. "కుంభవృష్టి కురిసినా గంట తర్వాత కాలికి బురదంటదు."

"ఆ నీళ్ళన్నీ ఎటు పోతాయండీ?"

"తమ్మిలేరు వాగులో దిగి మీ కొల్లేటికే వస్తాయండి. మేం పంపించిందే మీరు తిట్టుకుంటా ఎత్తిపోసుకునేది." కాసేపు నవ్వి, కాస్త తగ్గి అన్నారు, "కాకపోతే ఒక్క మాటండీ. ఎండాకాలంలో ఇక్కడ నీళ్ళకి..."

"నీళ్ళ సంగతి నాకు చెప్తారేంటండీ!" అన్నాను. "నేను పుట్టిందే నీళ్ళలో."

ఆయన మర్యాదస్తుడు, నోరు మూసుకున్నారు. నేను అక్కడే అడ్వాన్సు ఇచ్చేశాను.

ఆరు నెలలు రాజభోగం. మా ఊరి నుంచి ఎవరొచ్చినా పై మెట్టు మీద నిలబెట్టి కింద ఊరంతా చూపించేవాణ్ణి. ఊళ్ళో నాకు పేరు పోయి 'హెచ్చెమ్‌గారి ఆయన' అయ్యానుగాని, ఆ ఎత్తు మీద అదీ బిరుదులాగే ఉండేది. గట్టు మీద చూసినట్టే, ఇక్కడా చేతులు వెనక్కి కట్టుకుని తోట వంక చూసేవాణ్ణి. పూత వచ్చింది. పిందె గోళీకాయంత అయింది. ఒకరోజు పొద్దున్న మా ట్యాంకులోకి నీళ్ళెక్కలేదు.

బసవపున్నారావుగారు నొచ్చుకుంటూ చెప్పారు. "తోట కాపు నూజివీడు షావుకారికి అమ్మేశానండీ. కాపు కొన్నాడంటే కోతలయ్యేదాకా బోరు కూడా ఆయన చేతిదే. ఇక్కడ అందరం అంతే. ముందు చెట్టు తాగాలి, తర్వాతే మనం. ఆ రోజు చెప్పబోతే మీరు..."

"పుట్టిందే నీళ్ళలో అన్నానండీ. గుర్తుంది."

చెట్లకి పెట్టగా మిగిలింది మా వంతు. అప్పటికి బోరు గొంతు సవరించుకుని నాలుగు బిందెలు ఉమ్మేది. ఉగాది నాటికి ఆ నాలుగూ లేవు. ఇక నేను బండికి రెండు బిందెలు కట్టుకుని ఊళ్ళోకి దిగాను. కుళాయి ఎక్కడుందో మీకు తెలుసు. సవరమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"ఏం బాబూ," అంది వీధంతా వినబడేలా, "మీ ఇంట్లోకి నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయి?"

కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి మరీ నవ్వారు. నేనూ నవ్వాను. నిండిన బిందె ఎత్తుతున్న బరువుకి ఎటూ పళ్ళు బయటికే ఉన్నాయి.

మెట్లు నేను మెచ్చుకున్నప్పుడు పద్నాలుగే. నిండు బిందె భుజాన పెట్టుకుని ఎక్కితే, ఏ రోజూ నాకు ముప్ఫైకి తక్కువ తేలలేదు. వరదలో ఈదినవాణ్ణి, మూడు చెంబులతో స్నానం నేర్చుకున్నాను. నడుం పట్టేసింది. అయినా ఇల్లు తప్పని మాత్రం అనలేదు. ఈ ఏడు ఎండలు ఎక్కువన్నాను, షావుకారిది దురాశ అన్నాను. హరిచందన తలంటుకునే ఆదివారాలు మానేసి, జుట్టు బిగించి ముడేసుకుని స్కూలుకి పోయేది.

ఏప్రిల్లో ఒక సాయంత్రం బల్ల మీద కాగితం పెట్టింది. పాత స్కూలుకి, పాత పోస్టుకే వెనక్కి పంపమని అర్జీ. రేపు ఏలూరు వెళ్ళి ఆఫీసులో ఇచ్చేస్తానంది. ఇంకా సంతకం పెట్టలేదు.

"నాకు ఈ ఉద్యోగం కావాలి, నీళ్ళు కావాలి, మీరూ కావాలి," అంది. "మూడూ ఒక చోట దొరకట్లేదు. ఏది వదలమంటారో చెప్పండి. ఈ పోస్టు రెండోసారి వదిలితే ఇక రాదు."

నిజం చెప్పొద్దూ, నాకు ముందు సంతోషమే వేసింది. మా గట్టు, మా నీళ్ళు, చేతులు వెనక్కి. అదీ ఆవిడ సంతకంతో! నా మీద మాట రాకుండా! ఎంత వెధవనో చూడండి, ఆవిడ చేతికి పెన్ను అందించబోయాను కూడా.

అప్పుడు కారణం రాసిన చోటు కంటబడింది. 'కుటుంబ కారణముల వలన.' మూడేళ్ళ క్రితం రాసిన కాగితంలోనూ ఇదే మాట, ఇదే గుండ్రటి చేతిరాత. ఆరెకరాల పట్టా తప్పిస్తే గవర్నమెంటు రికార్డుల్లో ఇంత బతుక్కీ నా పేరెక్కడా లేదు. ఎక్కిందల్లా ఇలా, కారణంగా. ఇది రెండోసారి.

పెన్ను జేబులో పెట్టుకుని మెట్లు దిగాను.

సవరమ్మ అరుగు మీదే ఉంది. "పోర్షన్ ఖాళీగానే ఉందా మామ్మగారూ?"

"ఉంది. మొన్న మేడమ్‌గారొచ్చి అడిగారు. ఇవ్వనన్నాను."

"ఎందుకండీ?"

"ఆవిడ అడిగితే అది ఆవిడ చూసిన ఇల్లవుద్ది. పదిరోజులకి నువ్వు పల్లమంటావు, దోమలంటావు, పెట్టె సర్దుతావు. నీ వెనకాల ఆవిడా పోద్ది. ఆరేళ్ళకి మా బడికో హెచ్చెమ్ వచ్చింది. నా మనవరాలికి లెక్కలొస్తున్నాయి. నీ పల్లం గోల కోసం పోగొట్టుకోమంటావా?"

"అందుకేగా, నేనే వచ్చి అడుగుతున్నాను."

"అరుగు కింద నిలబడి కాదు. లోపలికి రా. ఇల్లంతా తిరుగు. వంకలన్నీ ఇప్పుడే పెట్టెయ్, నే వింటా. రేపొచ్చి పెట్టావనుకో, ఊరుకోను."

వెళ్ళాను. లోపలికి అడుగు పెడుతూనే గుమ్మం నుదుటికి కొట్టుకుంది.

"గుమ్మం పొట్టి," అన్నాను.

"ఒకటి," అంది సవరమ్మ.

వంటింట్లో గాలి రాదన్నాను. పడమటి కిటికీలో ఎండ పడుతుందన్నాను. బావి గిలక కీచుమంటోందన్నాను. పక్కింటి కోడి మన పెరట్లో తిరుగుతోందన్నాను. ఆవిడ వేళ్ళు మడుస్తూ వచ్చింది. ఇంకో రెండు వెతికి పెట్టాక, ఏడుతో నాకు సరుకు అయిపోయింది. ఇంత చిన్న ఇంట్లో ఇంకా వెతికితే బాగుండదు.

"పల్లం చెప్పలేదే?" అంది.

"పల్లం మంచిదేనండీ," అన్నాను. ఆ రెండు ముక్కలకి నాకు పట్టిన చెమట, ఇన్నాళ్ళూ బిందెలు మోసినా పట్టలేదు.

ఇంటికొచ్చేసరికి హరిచందన బల్ల దగ్గరే కూర్చుని ఉంది.

"సవరమ్మగారిల్లు నేనే అడిగాను," అన్నాను. "ఆదివారం మారిపోదాం."

"పల్లం కదా?"

"పల్లమే. ఇంకా ఏడు వంకలున్నాయి. అన్నీ అక్కడే చెప్పేశాను, నీకు చెప్పడానికి ఒక్కటీ మిగల్లేదు."

ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కుంటుతున్న బల్ల కోడు కింద దోపింది. తర్వాత నా నుదుటి మీద బొప్పి చూసి, తడిగుడ్డ వేద్దామని బిందె వంచింది. చుక్క లేదు.

రెండో బిందె ఆవిడే తీసుకుంది. ఇద్దరం మెట్లు దిగాం.